ఎదిగే వయసులో మోకాలి నొప్పి

ప్రశ్న: మా అబ్బాయికి 12 ఏళ్లు. పాఠశాల ఫుట్‌బాల్ జట్టులో ఆడుతున్నాడు. నెల రోజులుగా పరుగెత్తితే మోకాలిచిప్ప కింద నొప్పి అంటున్నాడు. ఆడుతూ ఉంటే అదే పోతుందని కోచ్ చెబుతున్నారు. ఆడనివ్వవచ్చా?

జవాబు: ఆ మాట నమ్మి ఊరుకోకండి. ఈ వయసులో ఎముకలు పెరిగే చోట ఉండే మృదులాస్థి ఇంకా గట్టిపడి ఉండదు; తొడ కండరం బిగుసుకున్నప్పుడల్లా దాన్ని ఎముకకు కలిపే స్నాయువు మోకాలిచిప్ప కింద ఎముకను పట్టి లాగుతుంది కనుక, విరామం లేని పరుగులూ గెంతులూ అక్కడ వాపునూ నొప్పినీ తెస్తాయి. దీన్ని ఆస్‌గుడ్-ష్లాటర్ వ్యాధి అంటారు. పేరు భయపెట్టేలా ఉన్నా, ఎదుగుదల పూర్తయ్యేసరికి చాలామందిలో తగ్గిపోతుంది. అయితే మీ అబ్బాయిది అదేనని తేల్చవలసింది వైద్యుడే; కుంటుతున్నా, రాత్రి నొప్పితో మేల్కొంటున్నా, జ్వరం ఉన్నా ఆలస్యం చేయవద్దు.

ఈలోగా గెంతులు తగ్గించండి. ఆట తర్వాత బట్టలో చుట్టిన ఐసును 15 నిమిషాలు పెట్టండి. వారంలో కనీసం ఒక రోజు ఆటకు పూర్తి సెలవు ఉండాలి. శిక్షణ గంటలు వారానికి పిల్లవాడి వయసును, అంటే 12ను, దాటకూడదు. బడిలో ఆటనూ బయటి కోచింగ్‌నూ వేర్వేరుగా చూసి, రెండూ తక్కువేనని అనుకునే తల్లిదండ్రులే ఎక్కువ. మీరు కలిపి లెక్కించి, ఆ లెక్కను కోచ్‌కు చూపించండి.