ఎముక ల్యాబ్‌కి వెళ్లి ఏడాదైంది, రిపోర్టు రాలేదు: మా ఆయన డెత్ సర్టిఫికెట్ ఎలా?

ప్రశ్న: మా ఆయన రొయ్యల చెరువు మీద కాపలా ఉండేవారు. నిరుడు వరదల్లో గట్టు చూసొస్తానని వెళ్లి తిరిగి రాలేదు. పది రోజులకి గౌతమి పాయలో గుర్తుపట్టలేని శవం దొరికింది. పోలీసులు తొడ ఎముక, మా అబ్బాయి రక్తం డీఎన్ఏ పరీక్షకి పంపామన్నారు. ఏడాది దాటింది. అడిగితే ‘ల్యాబ్‌లో పెండింగ్’ అంటున్నారు. డెత్ సర్టిఫికెట్ లేదు, ఎల్ఐసీ డబ్బు లేదు, పింఛను లేదు. – ఒక సోదరి, ముమ్మిడివరం

జవాబు: అమ్మా, ముందు ఆ ఎముక నిజంగా ల్యాబ్‌కి చేరిందో లేదో తేల్చుకోండి. కొన్ని కేసుల్లో పార్సిల్ స్టేషన్‌లోనే ఉండిపోతుంది. సీలు సరిపోలేదనో, లెటర్ ఆఫ్ అడ్వైజ్‌లో (ఏం పరీక్షించాలో చెబుతూ నమూనాతో పాటు పంపే లేఖ) వివరాలు లేవనో ల్యాబ్ తిప్పి పంపినా మనకి ఎవరూ చెప్పరు. ఏ తేదీన పంపారు, ల్యాబ్ రసీదు నంబరెంత, తిప్పి పంపిన మెమో ఉందా అని సమాచార హక్కు చట్టం కింద అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. డీఎన్ఏ నమూనా సేకరించిన 48 గంటల్లో ల్యాబ్‌కి చేర్చాలని, ఆలస్యమైతే కారణం కేసు డైరీలో రాయాలని 2025 జులైలో కట్టవెల్లై కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పును దరఖాస్తులో ప్రస్తావించండి.

మీ అత్తగారు ఉన్నారా? ఉంటే ఆవిడ రక్తం కూడా తీయించమని వెంటనే రాసివ్వండి. నీళ్లలో నానిన ఎముకని గీకి, పొడి చేసి, కాల్షియం తీసేస్తే గానీ డీఎన్ఏ చేతికి రాదు. ఒక్కోసారి మళ్లీ మొదటినుంచీ చేయాలి. మామూలు పరీక్ష కుదరకపోతే మైటోకాండ్రియల్ డీఎన్ఏ చూస్తారు. అది తల్లి వైపు నుంచే వస్తుంది, మీ అబ్బాయికి మీది వచ్చి ఉంటుంది కాబట్టి అతని రక్తంతో పోల్చలేరు. పెద్దావిడ ఆరోగ్యంగా ఉండగానే ఈ పని జరగాలి.

ఇక ల్యాబ్‌లోనే ఆగిందనుకుందాం. ఏడేళ్లు, ఆపైన శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనా స్థలానికి రావాలన్నది, సీఆర్పీసీ స్థానంలో వచ్చిన కొత్త చట్టం నాగరిక సురక్షా సంహిత మాట. దాంతో ల్యాబ్‌లకు పని ఇంకా పెరుగుతుంది. ఫోరెన్సిక్ సదుపాయాలకు కేంద్రం 2024 జూన్‌లో 2,254.43 కోట్ల రూపాయల పథకం ఆమోదించింది. మంచిదే. కానీ మెషీన్ కొన్నంత మాత్రాన రిపోర్టు రాదు. కిట్లు అయిపోకుండా చూడాలి, సంతకం పెట్టే శాస్త్రవేత్తల పోస్టులు నింపాలి, వాళ్లని ప్రతి కేసుకీ సాక్ష్యానికి పిలవకూడదు. ప్రభుత్వ నిపుణుల రిపోర్టుని వాళ్లు రాకుండానే సాక్ష్యంగా తీసుకోవచ్చని నాగరిక సురక్షా సంహిత 329వ సెక్షన్ చెబుతూనే ఉంది. హత్య కేసు ముందు, గుర్తు తెలియని శవం తర్వాత అనే వరస కూడా నాకు న్యాయంగా అనిపించదు. రెండో చోటా ఒక కుటుంబం ఆగిపోయి ఉంది.

మీరు ఊరికే కూర్చోనక్కర్లేదు. ఫలానా గడువులోగా రిపోర్టు ఇవ్వాలని, లేదంటే హైదరాబాద్‌లోని సీడీఎఫ్‌డీ (డీఎన్ఏ పరీక్షలు చేసే కేంద్ర సంస్థ) లాంటి చోట పరీక్ష చేయించాలని 226వ అధికరణ కింద హైకోర్టులో రిట్ వేయవచ్చు. మహిళలకి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. మీ కోర్టు ఆవరణలోని న్యాయ సేవల కమిటీలో దరఖాస్తు ఇవ్వండి.

ఏడేళ్లు ఆగాల్సిందేనని ఎవరైనా అంటే నమ్మకండి. ఆ గడువు, ఆచూకీ లేని మనిషి చనిపోయాడని కోర్టు ఊహించడానికి. ఈలోగా సాక్ష్యంతో మరణం రుజువు చేసుకునే దారి తెరిచే ఉంది. శవం మీది చొక్కా, మొలతాడు, పాత దెబ్బ మచ్చ, ఆ రాత్రి ఆయన్ని గట్టు మీద చూసినవాళ్లు, అన్నీ పనికొస్తాయి. శవపంచనామా, పోస్టుమార్టం రిపోర్టు నకళ్లు ఇప్పుడే తీసుకోండి. తేలేదాకా ఎల్ఐసీ ప్రీమియం మాత్రం ఆపకండి. పాలసీ ల్యాప్స్ అయితే, చివరికి కోర్టు ఊహ మీదే ఆధారపడాల్సి వచ్చినప్పుడు క్లెయిమ్ కష్టమవుతుంది.