పాత గాలిమర రెక్కలతో పొలంలో షెడ్డు కట్టుకోవచ్చా?

కొండ మీద పాత గాలిమరలు విప్పుతున్నారు, రెక్కలు దాదాపు ఊరికే ఇస్తామంటున్నారు, షెడ్డుకు పనికొస్తాయా అని అడిగారు. పనికొస్తాయి. అయితే పలకలుగా కోసి వాడాలనుకుంటే మానుకోండి, దూలంగా వాడండి. ఈ తేడా తెలియడానికి నాకు రెండు వానాకాలాలు, ఒక రెక్క ఖర్చయ్యాయి.

రామగిరి గుట్టల దగ్గర గాలిమరల మరమ్మతు పనిలో ఆరేళ్లు ఉన్నాను. అక్కడ 1990ల్లో పెట్టినవి చిన్న మరలు, ఇప్పటివాటి పక్కన బొమ్మల్లా ఉంటాయి. కొన్నింటిని విప్పినప్పుడు రాగి మొదటి రోజే మాయమైంది. టవరు ఇనుము తూకానికి పోయింది. గేరుపెట్టె కోసం ఇద్దరు పాత సామాన్ల వ్యాపారులు పోట్లాడుకున్నారు. రెక్కల వైపు ఎవరూ కన్నెత్తి చూడలేదు. గాజు పీచును రెసిన్ అనే జిగురులాంటి రసాయనంలో తడిపి గట్టిపరిచిన సరుకు అది. ప్లాస్టిక్ బకెట్టులా మళ్లీ కరగదు, అందుకే తూకానికి కొనేవాడుండడు. సుమారు 13 మీటర్ల రెక్కలు రెండింటిని ట్రాక్టరు బాడుగ పెట్టుకుని తెచ్చుకున్నాను.

మొదటిదాన్ని చేజేతులా పాడుచేశాను. పైపెంకును పలకలుగా కోసి పశువుల కొట్టానికి పక్క గోడలుగా బిగించాలని నా ఆలోచన. మామూలు కటింగ్ చక్రం పది నిమిషాల్లో అరిగిపోయింది. కడప బండలు కోసే మేస్త్రి డైమండ్ చక్రం తెచ్చి, నీళ్లు పోయిస్తూ కోశాడు. నీళ్లు ఆగిన కాసేపట్లోనే గాజు పొడి లేచింది. దూలగొండి రాసుకున్నట్టు మెడా మోచేతులూ మూడు రోజులు ఒకటే దురద. ఆ బట్టలను మిగతావాటితో కలిపి ఉతికితే ఇంటిల్లిపాదీ గోక్కున్నారు. నేను తిన్న తిట్లు ఇక్కడ రాయలేను.

పలకలైతే వచ్చాయి. మా రెక్క పెంకులో పైనా కిందా పలుచని గాజు పొరలు, మధ్యలో తేలికైన బల్సా చెక్క. మర తిరిగినన్నాళ్లు ఆ చెక్కకు చుక్క నీరు తగలలేదు. నేను కోసిన ప్రతి అంచూ వానకు వాకిలి తెరిచింది. మొదటి వానలకే అంచులు ఉబ్బాయి. మరుసటి ఏడు వేలితో గిల్లితే చెక్క పొడిపొడిగా రాలింది, పొరలు విడిపోయాయి.

రెండో రెక్కకు రెండే కోతలు పెట్టించి, మధ్య భాగం 20 అడుగులు తీసుకున్నాను. లోపల పొడవునా పెట్టెలాంటి దూలం పోతుంది, బలమంతా అందులోనే ఉంది. కోసిన కొసలకు వెంటనే రెసిన్ పూసి, గాజు పీచు గుడ్డ అంటించి మూసేశాను. చిక్కంతా మెలికతో వచ్చింది. రెక్క మొదలు నుంచి కొసకు మెలితిరిగి ఉంటుంది కదా, ఒక చివర చదునుగా కూర్చుంటే రెండో చివర పక్కకు వాలుతుంది. దాని మీద రేకులు నేరుగా కూర్చోవు. వెల్డరు చేత ఒక్కో చోటికి ఒక్కో ఎత్తున ఇనుప పట్టీలు చేయించి రెక్క చుట్టూ బిగించాం. వాటిపై పైపులు, పైపుల మీద రేకులు వేశాం. రెక్కకు ఒక్క రంధ్రమూ పెట్టలేదు. మధ్యలో స్తంభం లేకుండా 18 అడుగుల కొట్టం నిలిచి నాలుగేళ్లయింది. చెదలు లేవు, తుప్పు లేదు.

బయటి దేశాలవాళ్లు చేసిందీ ఇదేనని తర్వాత తెలిసింది. ఐర్లండ్‌లోని కార్క్ ప్రాంతంలో 2022లో, పోలండ్‌లోని ష్ప్రొతావాలో 2021లో పాత రెక్కలనే దూలాలుగా పెట్టి కాలిబాట వంతెనలు కట్టారు. నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో వాటితో పిల్లల ఆటస్థలమే ఉంది. అమెరికాలోని కాస్పర్‌లో మాత్రం మూడేసి ముక్కలు చేసి మట్టిలో పూడ్చారు. జర్మనీలో తునకలు చేసి లేగర్‌డోర్ఫ్‌లోని సిమెంటు బట్టీకి పంపుతారు. రెసిన్ మంటకు, గాజులోని సిలికా సిమెంటుకు పనికొస్తాయి. పూడ్చడం కంటే అది నయమే. కానీ ఇరవై ఏళ్లు ఈదురుగాలికి వంగి లేచిన దూలాన్ని తునకలు చేయడానికి నా మనసొప్పదు. 2 మెగావాట్ల లోపు పాత మరలను మార్చడానికి మన కేంద్రం 2023లో విధానం తెచ్చింది, కాబట్టి ఇలాంటి రెక్కలు ఇంకా దిగుతాయి.

మీరు తీసుకునే ముందు, కుండను కొనేటప్పుడు తట్టినట్టు రెక్క పొడవునా నాణెంతో తట్టి చూడండి. ఖంగుమనాల్సిన చోట బొదబొదమంటే లోపల పొర విడిపోయినట్టే, ఆ భాగం వద్దు. మనుషులు పడుకునే ఇంటి కప్పుకు వాడకండి. వాడిన రెక్కకు ఎంత బలం మిగిలిందో ప్రయోగశాలలో పరీక్షించకుండా ఏ ఇంజనీరూ సంతకం పెట్టడు. పొయ్యి దగ్గరా వద్దు, రెసిన్ అంటుకుంటే నల్లటి పొగతో మండుతుంది. మిగిలిన తునకలనూ కాల్చకండి. కోత పని గడ్డివాముకు, నీళ్ల తొట్టికి దూరంగా పెట్టుకోండి, ఆ పొడి పశువుల మేతలో పడకూడదు.

ముందుగా మీ ఊరి దారిలో మలుపులు కొలుచుకోండి. మా ట్రాక్టరు రచ్చబండ దగ్గర అడ్డం తిరిగి, వేపకొమ్మ కొట్టేదాకా ముందుకూ వెనక్కూ కదలలేదు.