పదిహేనేళ్లకే టైమింగ్ ఆగిపోయింది.. మా అమ్మాయి పరుగులో ఇంకా మెరుగవుతుందా?

ప్రశ్న: మా అమ్మాయికి 15 ఏళ్లు. పదో తరగతి. ఎనిమిదిలో ఉండగా స్కూల్లో పీఈటీ సార్ చూసి పరుగులో పెట్టారు. 1500 మీటర్లు మొదట్లో 6 నిమిషాల 10 సెకన్లలో పరిగెత్తేది. ఏడాదిన్నరలో 5 నిమిషాల 28 సెకన్లకు వచ్చింది. జిల్లా స్థాయిలో మెడల్ కూడా తెచ్చుకుంది. కానీ ఆరేడు నెలలుగా ఒక్క సెకను తగ్గలేదు. పోయిన నెల పోటీలో 5 నిమిషాల 41 సెకన్లు పట్టింది. బరువు తగ్గితే వేగం వస్తుందని కోచ్ చెప్పడంతో రాత్రి అన్నం మానేసింది. ఏడాది కిందట 44 కిలోలు ఉండేది, ఇప్పుడు 41. ఎత్తు 156 సెంటీమీటర్లు. నాలుగు నెలలుగా నెలసరి రావడం లేదు. పరిగెత్తే ఆడపిల్లలకు అది మామూలేనని గ్రౌండ్‌లో అంటున్నారు. తను ఇంకా మెరుగుపడుతుందా? లేక తన శక్తి ఇంతే అనుకుని ఆపించి చదువు మీద పెట్టమంటారా? - ఒక తల్లి, ఖమ్మం

సమాధానం: మెరుగుపడుతుంది. 15 ఏళ్ల వయసులో, అదీ రెండేళ్ల శిక్షణకే, దూరం పరుగులో ఎవరి హద్దూ తేలిపోదు. అయితే మీరు చివర్లో రాసిన నెలసరి సంగతే నేను ముందు చూస్తాను. టైమింగ్ గురించి ఆ తర్వాత మాట్లాడుకుందాం. ఈ రెండింటికీ మూలం ఒకటే అని నా అనుమానం.

రజస్వల అయిన మొదటి ఏడాది, రెండేళ్లు నెలసరి కాస్త అటూ ఇటూ కావడం సహజమే. కానీ వస్తున్నది వరసగా మూడు నెలలు ఆగిపోతే పరీక్ష చేయించాల్సిందే. గ్రౌండ్‌లో చాలామందికి ఇలా జరుగుతుందన్న మాట నిజం. చాలామందికి జరుగుతోందని దాన్ని మామూలుగా తీసుకోవడం వల్లే ఈ పిల్లలు మా దగ్గరికి ఎముక చిట్లాక వస్తున్నారు.

జరిగేది ఇది. తిన్నదాంట్లోంచి పరుగుకు ఖర్చయినది పోగా మిగిలిన శక్తితోనే గుండె, మెదడు, ఎదుగుదల, హార్మోన్లు అన్నీ నడవాలి. జీతం సరిపోని ఇంట్లో ముందు పండగ ఖర్చు మానుకున్నట్టు, ఆ శక్తి చాలనప్పుడు శరీరం అప్పటికప్పుడు ప్రాణానికి అవసరం లేని పనులను ఆపేస్తుంది. మెదడు నుంచి అండాశయాలకు వెళ్లే సంకేతాలు తగ్గుతాయి, ఈస్ట్రోజన్ అనే స్త్రీ హార్మోన్ పడిపోతుంది, నెలసరి ఆగుతుంది. ఇలా శక్తి చాలక వచ్చే ఇబ్బందులన్నిటికీ కలిపి అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నిపుణులు 2014లో ‘రెడ్-ఎస్’ అని పేరు పెట్టారు. ఇది అబ్బాయిలకూ వస్తుంది. నెలసరి లాంటి గుర్తు లేకపోవడంతో వాళ్లలో ఇంకా ఆలస్యంగా బయటపడుతుంది.

ఎముకలకు ఈస్ట్రోజన్ చాలా అవసరం. పెద్దయ్యాక మన ఎముకల్లో ఉండే ఖనిజంలో దాదాపు పావు వంతు, ఎత్తు వేగంగా పెరిగే రెండేళ్ల కాలంలోనే చేరుతుంది. ఆ తర్వాత కూడా పద్దెనిమిది, ఇరవై ఏళ్ల దాకా చేరుతూనే ఉంటుంది. ఈ వయసులో కోల్పోయిన దాన్ని ముప్పైల్లో పూర్తిగా రాబట్టుకోలేం. అందుకే ఒక ప్రశ్న: మోకాలి కింద ముందు ఎముక మీద ఒకే చోట వేలితో నొక్కితే నొప్పి అంటోందా? అంటుంటే ఈ రోజు నుంచే పరుగు ఆపించి ఆర్థోపెడిక్ డాక్టర్‌కు చూపించండి. స్ట్రెస్ ఫ్రాక్చర్, అంటే పదేపదే ఒత్తిడి పడి ఎముకలో వచ్చే సన్నని చీలిక, మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. ఎక్స్‌రే బాగానే ఉందని మళ్లీ గ్రౌండ్‌కు పంపేయకండి.

కోచ్ చెప్పిన దాంట్లో సగం నిజం ఉంది. బరువు తగ్గిన మొదటి వారాల్లో టైమింగ్ కాస్త మెరుగు కావచ్చు, నమ్మకం పుట్టేది కూడా అక్కడే. కొన్ని నెలలకు కండలో బలం తగ్గుతుంది, ప్రాక్టీస్ అలసట తీరదు, జలుబులు పట్టుకుంటాయి, సెకన్లు వెనక్కి వెళ్తాయి. 15 ఏళ్ల పిల్ల ఏడాదిలో బరువు పెరగాలి. మూడు కిలోలు తగ్గడం మంచి గుర్తు కాదు. 5.28 కాస్తా 5.41 కావడానికి బరువు ఎక్కువై కాదు, తిండి చాలకే అని నాకనిపిస్తోంది.

గైనకాలజిస్టును గానీ పిల్లల డాక్టర్‌ను గానీ ఈ వారంలోనే కలవండి. థైరాయిడ్, ప్రొలాక్టిన్ హార్మోన్ల పరీక్షలు, విటమిన్ డి, అవసరమైతే స్కానింగ్ రాస్తారు. గర్భ నిర్ధారణ పరీక్ష కూడా ఆ వరసలోదే. ఎవరికైనా చేస్తారు, అనుమానంగా తీసుకుని నొచ్చుకోకండి. ఒక్క జాగ్రత్త. నెలసరి రావడానికి మాత్రలు రాసిస్తే, అవి వాడాక రక్తస్రావం అయినంత మాత్రాన సమస్య తీరినట్టు కాదు. తిండి పెరిగి, నెలసరి తనంతట తాను వచ్చి, నిలకడగా సాగాలి.

వాటితోపాటు సీబీసీ (రక్తకణాలు, హిమోగ్లోబిన్ లెక్క), ఫెరిటిన్ పరీక్షలు కూడా అడిగి చేయించండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం మన దేశంలో 15-19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. కండరాలకు ఆక్సిజన్ మోసేది హిమోగ్లోబినే కాబట్టి దూరం పరుగులో దాని లోటు వెంటనే తెలుస్తుంది. ఈ వయసు అమ్మాయికి 12 గ్రాములకన్నా తగ్గితే రక్తహీనత అంటాం. హిమోగ్లోబిన్ 12.3 ఉందని ఊరుకోవడం కూడా పొరపాటే. ఒంట్లో ఐరన్ నిల్వను చెప్పేది ఫెరిటిన్. అది 15కు దిగువన ఉంటే నిల్వలు అయిపోయినట్టే. పరిగెత్తే పిల్లల్లో 30 కన్నా తక్కువున్నా మేం పట్టించుకుంటాం. జ్వరం వచ్చినప్పుడు, గట్టి ప్రాక్టీస్ చేసిన మర్నాడు ఆ రక్తం ఇవ్వొద్దు, ఫెరిటిన్ లేనిది ఉన్నట్టు చూపిస్తుంది.

లోటు ఉంటే డాక్టర్ మాత్రలు రాస్తారు. నిల్వలు నిండడానికి మూడు నెలలైనా పడుతుంది. మలం నల్లగా అవుతుంది, భయపడి మానేయొద్దు. స్కూల్లో వారానికోసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర వేసుకుంటోందా, నులిపురుగుల మాత్ర మింగిందా అని కూడా అడగండి. బెంచీ కింద పారేసే పిల్లలు చాలామందే ఉంటారు!

రాత్రి అన్నం ఈ రోజు నుంచే మళ్లీ మొదలుపెట్టించండి. అన్నం, పప్పు, కూర, పెరుగు, ఏదీ కోత పెట్టొద్దు. తెల్లవారుజామున గ్రౌండ్‌కు ఖాళీ కడుపుతో పంపకుండా ఒక అరటిపండు గానీ నాలుగు ఖర్జూరాలు గానీ తినిపించండి. పరుగు అయిన గంటలోపు పాలు, గుడ్డు, ఇడ్లీ లాంటిది కడుపులో పడాలి. సాయంత్రానికి పల్లీ పట్టీ, నువ్వుల ఉండ పెట్టొచ్చు. రాగి జావ కాల్షియానికి మంచిది. తోటకూర, మునగాకు పప్పులో నిమ్మకాయ పిండితే ఐరన్ బాగా ఒంటబడుతుంది. భోజనం అవగానే టీ తాగితే అదే ఐరన్ ఒంటికి పట్టదు, గంట ఆగాలి. ప్రొటీన్ డబ్బాలు, ఎవరో ఇచ్చిన పేరు తెలియని పొడులు వద్దు. వాటిలో ఏముందో డబ్బా మీద రాసి ఉండకపోవచ్చు. డోపింగ్ పరీక్షలో దొరికితే తెలియక తిన్నానంటే వినరు.

ఇక మీ అసలు ప్రశ్న. దూరం పరుగులో ముఖ్యంగా మూడు పెరగాలి: శరీరం వాడుకోగల ఆక్సిజన్, అలసట ముంచుకు రాకుండా నిలబెట్టగల వేగం, అదే వేగానికి తక్కువ శక్తి ఖర్చయ్యే పొదుపు. మొదటిది శిక్షణ మొదలైన కొత్తలో త్వరగా పెరిగి తర్వాత నెమ్మదిస్తుంది. 6.10 నుంచి 5.28కి మీ అమ్మాయి వచ్చింది ఎక్కువగా దాని వల్లే అయి ఉంటుంది. మిగతా రెండూ ఏళ్ల తరబడి నెమ్మదిగా పెరిగేవి. వాటి వాటా తనకింకా అందనే లేదు.

దానికి తోడు 13 నుంచి 16 ఏళ్ల మధ్య అమ్మాయిల శరీరం మారుతుంది. తుంటి వెడల్పవుతుంది, కొవ్వు శాతం కాస్త పెరుగుతుంది. పాత ఒంటితో అలవాటైన పరుగు కొత్త ఒంటితో మళ్లీ నేర్చుకోవాలి. ఈ దశలో చాలామంది టైమింగ్ ఏడాది, రెండేళ్లు ఆగుతుంది. అదే గ్రౌండ్‌లో అదే వయసు అబ్బాయిలకు టెస్టోస్టిరాన్ వల్ల హిమోగ్లోబిన్, కండ రెండూ పెరుగుతుంటాయి. వాళ్లతో పోల్చి ‘నువ్వే వెనకబడ్డావు’ అనడం అన్యాయం. ఆగిన ఈ దశలోనే తిండి తగ్గించి, ప్రాక్టీస్ పెంచి చాలామంది పిల్లల కెరీర్ పాడుచేస్తున్నారు.

ఎంత దూరం వెళ్తుందో ఇప్పుడే చెప్పగల పరీక్ష లేదు. శిక్షణకు శరీరం స్పందించే తీరులో దాదాపు సగం వంశపారంపర్యమని 1990ల్లో అమెరికా, కెనడాల్లో కుటుంబాల మీద జరిగిన హెరిటేజ్ అధ్యయనంలో తేలింది. దాన్ని ఆసరా చేసుకుని ఆన్‌లైన్‌లో అమ్మే ‘స్పోర్ట్స్ డీఎన్ఏ టెస్టు’లకు మాత్రం డబ్బు పెట్టొద్దు. ఫలానా పిల్ల రన్నర్ అవుతుందో లేదో అవి చెప్పలేవు. ఆ డబ్బుతో మంచి బూట్లు కొనండి.

అవినాశ్ సాబ్లే పుట్టింది 1994లో, మహారాష్ట్ర బీడ్ జిల్లాలో. ఇంటర్ అయ్యాక సైన్యంలో చేరి, పోటీ పరుగును గట్టిగా పట్టుకున్నది 2015లో. 2022 కామన్వెల్త్ క్రీడల్లో 3000 మీటర్ల స్టీపుల్‌చేజ్‌లో (అడ్డుకర్రలు, నీటి గుంట దాటుతూ సాగే పరుగు) వెండి పతకం గెలిచారు. 2024లో 8 నిమిషాల 9.91 సెకన్లతో జాతీయ రికార్డు పెట్టారు, అప్పటికి ఆయన వయసు 29. సతారా అమ్మాయి లలితా బాబర్ అదే స్టీపుల్‌చేజ్‌లో 2016 రియో ఒలింపిక్స్ ఫైనల్ చేరి పదో స్థానంలో నిలిచినప్పుడు ఆమెకు 27 ఏళ్లు. అందరూ సాబ్లేలు కాలేరు, అది వేరే మాట. కానీ పదో తరగతిలో ఉన్న పిల్ల టైమింగ్ చూసి తీర్పు చెప్పే ఆట కాదిది.

రిపోర్టులు వచ్చి, నెలసరి తిరిగి మొదలయ్యేదాకా పోటీలు, స్పీడ్ ప్రాక్టీస్ ఆపండి. నొప్పులేవీ లేకపోతే, డాక్టర్ సరేనంటే వారానికి మూడు నాలుగు రోజులు తేలిక పరుగు చాలు. తేలిక అంటే పక్కవాళ్లతో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగేంత. కోలుకున్నాక కూడా వారానికి ఒకటి రెండు రోజులే గట్టి ప్రాక్టీస్, ఒక రోజు పూర్తి విశ్రాంతి ఉండాలి. మన గ్రౌండ్లలో రోజూ పోటీలా పరిగెత్తిస్తారు, అక్కడే తేడా కొడుతుంది. స్క్వాట్లు, మెట్ల మీద మడమలెత్తే వ్యాయామం లాంటివి వారానికి రెండుసార్లు చేయించమని కోచ్‌ను అడగండి. పరిగెడుతుండగా కళ్లు తిరిగి పడిపోవడం, ఛాతీలో నొప్పి ఎప్పుడైనా జరిగినా, మీ కుటుంబంలో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయినా మళ్లీ గ్రౌండ్‌కు వెళ్లేలోపే ఈసీజీ, ఎకో (గుండె స్కానింగ్) తీయించాలి.

పరుగు ఆపిస్తేనే చదువు సాగుతుందని అనుకోవద్దు. ఈ వయసుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. రాత్రి పదకొండు దాకా చదివించి తెల్లవారుజామున నాలుగున్నరకు లేపితే చదువూ రాదు, పరుగూ రాదు. పరీక్షల నెలల్లో ఉదయం ప్రాక్టీస్ తీసేసి సాయంత్రం ఒక్కటే ఉంచండి. ఆ కొద్ది నెలల్లో పోయే ఫిట్‌నెస్ వేసవిలో తిరిగొస్తుంది.

కోచ్‌తో గొడవ పడాల్సిన పని లేదు. ఈ సమాధానం చూపించి, ఆయన్ను కూడా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. బరువు గురించి అమ్మాయి ముందు మాట్లాడొద్దని మాత్రం గట్టిగా చెప్పండి. హిమోగ్లోబిన్, ఫెరిటిన్ విలువలు, నెలసరి తేదీలు రాసి మళ్లీ పంపితే, ఎప్పటి నుంచి స్పీడ్ ప్రాక్టీస్ మొదలుపెట్టొచ్చో అప్పుడు చెబుతాను.

- స్పోర్ట్స్ మెడిసిన్ వైద్యులు