అరకు గింజ కొనేవాళ్లకు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: బీచ్ రోడ్డులో చిన్న కాఫీ షాపు పెడుతున్నాం. అరకు, పాడేరు వైపు రైతుల దగ్గరే నేరుగా కొనాలని ఉంది. వాళ్లకు న్యాయమైన ధర ముట్టాలి, మాకు సరుకు పాడవకూడదు. ఏం చూసుకోవాలి? (ఎంవీపీ కాలనీ నుంచి)

జవాబు: పండు కొనకండి. కోసిన రోజే పల్పింగ్ (పండు తొక్క, గుజ్జు తీయడం) చేయకపోతే సంచుల్లో వేడెక్కి పులుస్తుంది. ఆ కంపు వేయించినా పోదు. మీకు పార్చ్‌మెంట్, అంటే పైపొట్టుతో ఎండిన గింజే నయం. లెక్క దాదాపుగా ఇది: 100 కిలోల పండుకు 20 కిలోల పార్చ్‌మెంట్, మిల్లు ఆడిస్తే 16 కిలోల పచ్చి గింజ, వేయించాక పదమూడున్నర. కిలో వేయించిన గింజ వెనక ఏడున్నర కిలోల పండు ఉందన్నమాట. ఆ ఏడాది పండు ధరను ఏడున్నరతో హెచ్చవేయండి. అంతకన్నా చవగ్గా 'అసలు అరకు' అంటూ ఎవరైనా అమ్మజూపితే రైతుకైనా ఎగ్గొట్టి ఉండాలి, సరుకైనా వేరేది అయ్యుండాలి.

అసలు పేచీ తేమ దగ్గర వస్తుంది. పార్చ్‌మెంట్‌లో 10 శాతం ఉండాలి. 14 శాతం తేమతో కొన్న 100 కిలోలు 10 శాతానికి ఎండేసరికి తొంభై అయిదున్నరే మిగులుతాయి. అందరికీ ఒకే రేటు కడితే శ్రద్ధగా ఎండబెట్టిన రైతే నష్టపోతాడు, మరుసటేడు అతనూ పచ్చిగానే తెస్తాడు. మాయిశ్చర్ మీటరు వెంట తీసుకెళ్లండి, అంకె రైతుకు చూపించండి, బాగా ఎండిన సరుకుకు నాలుగున్నర శాతం ఎక్కువివ్వండి. మట్టి నేల మీద ఆరబోసినదైతే కప్పులో మట్టివాసన ఖాయం. బల్లల మీదో, శుభ్రమైన సిమెంటు కళ్లంలోనో ఆరబెట్టారా అని అడగండి. ఎరువు సంచుల్లో పోసిన సరుకు ముట్టుకోవద్దు.

బేరానికి జీసీసీ (గిరిజన సహకార సంస్థ) ఆ సీజన్‌కు ప్రకటించిన కొనుగోలు ధరను అడుగుమెట్టుగా పెట్టుకోండి. తూకం రైతు ఎదుటే వేయాలి. ఊరు, తూకం, తేమ, రేటు రాసిన చీటీ ఇద్దరి దగ్గరా ఉండాలి. దళారి దగ్గర ముందే అడ్వాన్సు తీసుకున్నారేమో కనుక్కోండి. ఆ అప్పు తీరకుండా మీరిచ్చే మంచి రేటు రైతు చేతిలో నిలవదు.

ప్రశ్న: జీఐ, ఆర్గానిక్, ఫెయిర్‌ట్రేడ్ గుర్తుల్లో దేన్ని నమ్మాలి? (గాజువాక నుంచి)

జవాబు: మూడూ నిజమే కావచ్చు, చెప్పేవి మాత్రం వేర్వేరు. 2019లో అరకు వ్యాలీ అరబికా రకం కాఫీకి వచ్చిన జీఐ (భౌగోళిక గుర్తింపు) పంట పుట్టిన చోటు చెబుతుంది, ధర సంగతి ఎత్తదు. ఆర్గానిక్ గుర్తు రసాయనాలు వాడలేదని మాత్రమే చెబుతుంది. కాఫీలాంటి తోటకు ఆ గుర్తు రావడానికి ముందు మూడేళ్ల మార్పిడి కాలం ఉంటుంది. ధర మాట ఎత్తేది ఫెయిర్‌ట్రేడ్: 2023 ఆగస్టులో అది గుజ్జు తీసి కడిగిన అరబికాకు పౌనుకు కనీసం 1.80 డాలర్లు, రైతుల సంఘానికి అదనంగా 20 సెంట్లు అని పెట్టింది. అయితే అది ఎగుమతి దశలో సంఘానికి ముట్టే ధర. ఖర్చులు పోను రైతుకు ఎంత చేరిందో అమ్మేవాళ్లనే అడగాలి.

ప్రశ్న: నీడచెట్లు కొట్టేస్తే దిగుబడి పెరుగుతుందంటున్నారు, నిజమేనా? (పాడేరు నుంచి)

జవాబు: ఒకటి రెండేళ్లు పెరిగినట్టే కనిపిస్తుంది. ఎండ తగిలే అరబికా కాండాన్నే తెల్ల కాండం తొలుచు పురుగు వెతుక్కుంటుంది, తర్వాత మొక్కే పోతుంది. సిల్వర్ ఓక్ మీద మిరియం పాకించుకుంటే రెండో ఆదాయమూ ఉంటుంది. పైగా 2020 డిసెంబరు 31 తర్వాత అడవి నరికిన భూమిలో పండిన కాఫీకి ఐరోపా సమాఖ్య కొత్త చట్టం అమలుతో అక్కడి తలుపు మూసుకుంటుంది. తోట ఎక్కడుందో ఆ చట్టం కింద చూపడానికి నాలుగు హెక్టార్లలోపు తోటకు ఒక్క జీపీఎస్ బిందువు చాలు. ఫోన్‌లో తీసి తూకం చీటీ మీదే రాయించుకోండి.