లండన్‌లో లేని ఎంపీ

హనుమకొండ

బిడ్డా,

నీ కథ రాత్రే చదివాను. భాష బాగుంది. కానీ నాలుగో పేజీలో, దక్షిణ అట్లాంటిక్‌లో బ్రిటన్ ఏలుబడిలో ఉన్న సెయింట్ హెలెనా దీవి ఎంపీ లండన్ పార్లమెంటులో లేచి, బల్ల గుద్ది నిధులు అడుగుతాడు చూడు, అక్కడ కాగితాలు పక్కన పడేసి టీ పెట్టుకున్నాను. అట్లాంటి ఎంపీ లేడు. సముద్రాల అవతల బ్రిటన్ కింద 14 భూభాగాలున్నాయి. ఒక్కదాని నుంచీ అక్కడి పార్లమెంటుకు సభ్యుడు వెళ్లడు. నువ్వేమో కథంతా ఆ ఉపన్యాసం మీదే నిలబెట్టావు!

మరి వాళ్లు డబ్బు ఎట్లా తెచ్చుకుంటారు? నీ అసలు కథ అక్కడుంది. లండన్ అధికారులు, దీవి జనం ఎన్నుకున్న కౌన్సిలర్లు ఎదురెదురుగా కూర్చుంటారు. ఆస్పత్రికి ఎంత, కరెంటుకు ఎంత అని పద్దు పద్దుకూ బేరం. నాలుగున్నర వేల మంది కూడా లేని దీవి. 'ఇవ్వకపోతే వచ్చే ఎన్నికల్లో చూసుకుంటాం' అనడానికి చేతిలో ఓటు లేదు. ఆ గదిలో కౌన్సిలర్ ఏం మాట్లాడతాడు, నోటిదాకా వచ్చిన ఏ మాట మింగేస్తాడు? అది రాయాలి. విమానాశ్రయం సంగతీ వదిలేశావు. బ్రిటన్ 28.5 కోట్ల పౌండ్లు పెట్టి కట్టించింది. తీరా చూస్తే గాలుల తాకిడికి విమానం దిగడమే కష్టమైంది. 2016లో మొదలవ్వాల్సిన సర్వీసు 2017 అక్టోబరు దాకా ఆగింది. లండన్ పత్రికలు ఎగతాళి చేశాయి. ఆ పత్రికలు చదివొచ్చిన అధికారి ముందే మన కౌన్సిలర్ మళ్లీ చెయ్యి చాపాలి.

అధికారం గురించి రాసేవాళ్లు ముందు అర్జీ రాయడం నేర్చుకోవాలని నా మొండి పట్టు. డిగ్రీ అయ్యాక ఉద్యోగం దొరక్క, వరంగల్‌లో ఒక ఆఫీసు ముందు చెట్టు కింద అర్జీలు రాసి బతికాను. చెరువు కట్ట తెగిందని ఓ పెద్దమనిషి ఏడ్చుకుంటూ వచ్చాడు. ఏ చెరువు, ఆయకట్టు ఎన్నెకరాలు, సర్వే నెంబరెంత అని అడుగుతుంటే ఏడుపు ఆగి, కోపం మొదలైంది. ఎవరి పొలం ఎంత ఎండిందో వేళ్ల మీద లెక్క చెప్పాడు. దాన్నే కథగా రాసి పట్నంలో ఓ వారపత్రికకు పంపితే, ఎడిటరుగారు ఎకరాలన్నీ కొట్టేసి చివర్లో వాన కురిపించారు. నేను రాయని వాన! ఆ సంచికను ఇప్పటికీ ఇంట్లోకి రానివ్వను. కథలో లెక్కలేంటండీ అని ఆయన బాధ. ఇప్పటివాళ్లది ఇంకో పిచ్చి, ప్రతి కథలో సముద్రమో చెట్టో మాట్లాడాలి. నీ సముద్రం రెండుసార్లు మాట్లాడింది. దాని నోరు మూయించు.

ఎంపీ ఉండి తీరాలంటే రీయూనియన్‌కు వెళ్లు. ఆ ఫ్రెంచి దీవి నుంచి పారిస్ జాతీయ సభకు 7 మంది వెళతారు, ఓటు వేస్తారు. అమెరికా కింద ఉన్న ప్యూర్టోరికో దీవిది మరీ విచిత్రం. 30 లక్షలకు పైగా జనం, దాదాపు అందరూ అమెరికా పౌరులే. వాషింగ్టన్‌లో ప్రతినిధుల సభకు ఒక్క రెసిడెంట్ కమిషనర్‌ను పంపుతారు. ఆయన సభలో మాట్లాడొచ్చు, బిల్లు పెట్టొచ్చు, కమిటీలో ఓటూ వేయొచ్చు. అదే బిల్లు సభలో ఆఖరి ఓటింగుకు వచ్చినప్పుడు మాత్రం చూస్తూ కూర్చోవాలి. 2017లో మరియా తుఫాను దీవిని ఊడ్చేసినప్పుడూ, అప్పుడు కమిషనర్‌గా ఉన్న ఆమెకు ఆ ఓటు లేదు.

అట్లాగని ఓటుంటే చాలని రాసేవు! ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రోజుల్లో మనకు హైదరాబాద్ అసెంబ్లీలో ఎమ్మెల్యేలు లేకనా? తెలంగాణలో వసూలై ఇక్కడ ఖర్చు కాని మిగులు నిధుల లెక్క తేల్చడానికి 1969లో జస్టిస్ భార్గవ కమిటీ వేయాల్సి వచ్చింది. ఆ ఏడాది ప్రత్యేక తెలంగాణ కోసం రోడ్డెక్కిన నా తోటి పిల్లలు కోట్ల లెక్కలు ఎక్కంలా ఒప్పజెప్పేవాళ్లు. వాళ్లను ఏ వారపత్రికా కథలోకి రానివ్వలేదు, అది వేరే సంగతి.

ఏ పత్రికకు పంపాలని అడిగావు, పుస్తకం గురించీ అడిగావు. అవి తర్వాత. ముందు ఆ గది రాసి పంపు. కౌన్సిలర్ ఏ పద్దు మీద వేలు పెట్టి ఆగాడో నాకు కనబడాలి. దసరా లోపు అందితే చదువుతాను, ఆ తర్వాత కంటి ఆపరేషన్ ఉంది.