ప్రైవేట్ హైస్కూల్లో మూడు ఆటలు ఆడితే ఎదుటివాళ్లకి అన్యాయం చేసినట్టా?

మీరు రెండు విషయాలు అడిగారు. ఒహాయోలో పబ్లిక్ మిడిల్ స్కూల్ నుంచి ప్రైవేట్ హైస్కూల్‌కి వెళ్లబోతున్న మీ అబ్బాయి సాకర్, బాస్కెట్‌బాల్, ట్రాక్ (పరుగు పందాల వంటివి) మూడూ ఆడాలా, ఒక్కటే పట్టుకోవాలా అని మొదటిది. "ప్రైవేట్ వాళ్లు ఎక్కడెక్కడి పిల్లల్నో ఏరుకొచ్చి కప్పులు కొడతారు" అని మీ పక్కింటాయన అన్న మాటలో నిజమెంత అని రెండోది. మా అమ్మాయి కొలంబస్ దగ్గర ఒక చిన్న క్యాథలిక్ హైస్కూల్లో నాలుగేళ్లూ వాలీబాల్, బాస్కెట్‌బాల్, ట్రాక్ ఆడింది. ఆ నాలుగేళ్లలో నాకు తెలిసింది చెప్తాను.

ముందు పక్కింటాయన సంగతి. ఆయన మాటని పూర్తిగా కొట్టిపారెయ్యలేం. ప్రైవేట్ స్కూల్‌కి హద్దులు లేవు, ఏ ప్రాంతం పిల్లలైనా చేరొచ్చు. మా అమ్మాయి జట్టులో రోజూ నలభై నిమిషాలు కార్లో వచ్చే పిల్లలుండేవారు. ఆట కోసం పిల్లల్ని పిలవడం, ఆట చూసి ఫీజు తగ్గించడం ఓహెచ్ఎస్ఏఏ (ఒహాయోలో హైస్కూల్ ఆటల్ని నడిపే సంఘం) నిబంధనలకి విరుద్ధమే. కానీ పిలవాల్సిన అవసరం ఏముంది? మంచి కోచ్ ఉన్నాడంటే తల్లిదండ్రులే వెతుక్కుంటూ వస్తారు. చదువు కోసమే చేర్చామని మేమూ అందరికీ చెప్పేవాళ్లం. జిమ్ చూసినప్పుడు మా వారి మొహం వెలిగిపోయిన సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఈ మంట ఇప్పటిది కాదు. ఒహాయోలోని ఆక్రన్‌లో, తర్వాత బాస్కెట్‌బాల్ స్టార్ అయిన లెబ్రాన్ జేమ్స్, అతని స్నేహితులు ఊళ్లోని పబ్లిక్ స్కూల్ వదిలి సెయింట్ విన్సెంట్-సెయింట్ మేరీ అనే క్యాథలిక్ స్కూల్లో చేరినప్పుడూ జనం ఇలాగే గొణిగారు. అన్నట్టు, అతను అక్కడ బాస్కెట్‌బాల్ ఒక్కటే కాదు, అమెరికన్ ఫుట్‌బాల్ కూడా ఆడాడు.

స్కూళ్లని విద్యార్థుల సంఖ్యని బట్టి డివిజన్లుగా విడదీసి ఆడిస్తారు కదా, ఈ గొడవకి ఒక్కో రాష్ట్రంలో ఒక్కో మందు వేశారు. ఇల్లినాయ్‌లో హద్దుల్లేని స్కూళ్ల విద్యార్థుల సంఖ్యని 1.65తో గుణించి పెద్ద స్కూళ్లతో ఆడిస్తారు. న్యూజెర్సీలో ప్రైవేట్ వాళ్లకి రాష్ట్ర టోర్నమెంట్ విడిగా ఉంటుంది. ఒహాయోలో ఇలాంటి మార్పు ప్రతిపాదనని స్కూళ్లు వరుసగా మూడేళ్లు ఓటింగ్‌లో ఓడించి, 2014లో ఒప్పుకున్నాయి. అమలైంది 2017లో. ముందునుంచీ ఆ స్కూల్‌కి అనుబంధమైన బడుల్లోనే చదివిన పిల్లలైతే ఇబ్బంది లేదు. బయటి నుంచి వచ్చినవాళ్లు జట్టులో ఉంటే, ఒక్కొక్కరికీ కొంత చొప్పున స్కూల్ విద్యార్థుల సంఖ్యకి కలుపుతారు. ఎంత కలపాలన్నది ఆటని బట్టి మారుతుంది. మొత్తం గీత దాటితే జట్టు పై డివిజన్‌కి వెళ్లాలి.

ఇక్కడే నాకు నవ్వొస్తుంది. మా అమ్మాయి పబ్లిక్ మిడిల్ స్కూల్ నుంచి వచ్చింది కాబట్టి వాలీబాల్ లెక్కలోనూ పడింది, బాస్కెట్‌బాల్ లెక్కలోనూ పడింది. మొదటి ఏడాది వాలీబాల్‌లో తను చేసిందల్లా బెంచీకి కాపలా కాయడమే! అయినా ఆ లెక్క దృష్టిలో స్టార్ ప్లేయర్‌కీ తనకీ తేడా లేదు. తను నిజంగా రాణించింది 800 మీటర్ల పరుగులో. ట్రాక్‌కి ఈ లెక్కే వర్తించదు. అంటే పిల్ల ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తారు కానీ ఎలా ఆడుతుందో చూడరు. అంతకన్నా మంచి లెక్క నేనూ చెప్పలేను, అది వేరే విషయం.

కానీ మూడు ఆటలు ఆడేవాళ్ల వల్ల అన్యాయం జరుగుతోందంటే ఒప్పుకోను. మా స్కూల్లో మొత్తం రెండొందల యాభై మంది లోపే. వాలీబాల్ పిల్లలే బాస్కెట్‌బాల్‌కి రాకపోతే జట్టే లేదు. రెండు వేల మంది ఉన్న పబ్లిక్ స్కూల్లో ఒక్కో ఆటకీ వేరే పిల్లలు, ఏడాదంతా అదే సాధన. మేము వాళ్లతో ఆడిన రోజు ఎవరికి అనుకూలమో స్కోర్‌బోర్డే చెప్పింది.

ఒక్క ఆటే పట్టుకోమని మీకు చెప్పేది ఎక్కువగా క్లబ్ (స్కూల్ బయట డబ్బు కట్టి ఆడే జట్లు) కోచ్‌లే. మాకూ చెప్పారు. పదో తరగతిలో స్కూల్ సీజన్ అవగానే క్లబ్ వాలీబాల్ మొదలుపెట్టించాం. మార్చికల్లా మోకాలి నొప్పి, ఫిజియోథెరపీ, ఇంట్లో అందరికీ టెన్షన్. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2016లోనే చెప్పింది, కనీసం పదిహేనేళ్లు వచ్చేదాకా ఒక్క ఆటకి పరిమితం చెయ్యొద్దని, ప్రధానంగా ఆడే ఆట నుంచి ఏడాదిలో మూడు నెలలు విరామం ఇవ్వమని. నేనది చదివింది నొప్పి వచ్చాక. క్లబ్ మానేశాం, కట్టిన డబ్బు పోయింది. అలాగని మూడు ఆటలూ ఆడితే విశ్రాంతి దొరుకుతుందనుకోకండి. మా అమ్మాయికి వాలీబాల్ అయిన వారానికే బాస్కెట్‌బాల్ ప్రాక్టీస్ మొదలయ్యేది. వేసవిలో ఒక నెల ఏమీ పెట్టకుండా వదిలెయ్యండి.

స్కూల్ నిర్ణయం మాత్రం తొమ్మిదో తరగతికి ముందే తేల్చుకోండి. ఆ ఏడాది మొదట్లో ఏ స్కూల్‌కైనా వెళ్లొచ్చు. తర్వాత మారితే, మేము కనుక్కున్నప్పుడు ఉన్న నిబంధన ప్రకారం, గత పన్నెండు నెలల్లో ఆడిన ప్రతి ఆటలోనూ సీజన్ రెండో సగమూ, టోర్నమెంటూ పోతాయి. మీవాడికైతే ఆ దెబ్బ మూడు ఆటల్లోనూ తగులుతుంది. మినహాయింపులు ఉన్నాయి, స్కూల్లో ఆటల బాధ్యత చూసే అథ్లెటిక్ డైరెక్టర్‌ని అడగండి. చిన్నవాళ్లు ఎన్ని జట్లలో ఆడుతున్నారో, సీజన్ల మధ్య ఎన్ని రోజులు ఖాళీ ఇస్తారో కూడా ఆయన్నే అడగండి.

ట్రాక్ మీట్‌లకి వెళ్లేటప్పుడు కార్లో రెండు దుప్పట్లు, ఫ్లాస్కులో టీ పెట్టుకోండి. ఏప్రిల్ కదా అని నేను పల్చటి చున్నీతో వెళ్లాను, మంచు కురిసింది.