హైకోర్టు జడ్జి సీటు ఖాళీ అయితే ఎవరు నింపుతారు, ఎందుకంత ఆలస్యం?

మీ నాన్నగారి సెకండ్ అప్పీల్ వింటున్న హైకోర్టు జడ్జి గారు రిటైరయ్యారని, ఆ సీటు ఇంకా ఖాళీగానే ఉందని రాశారు. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుంది, ఆలస్యం ఎందుకు, కేసు గతేమిటి అని అడిగారు. నేను హైకోర్టులో వకీలుగా ఉన్నాను. మా సీనియర్ గారి పేరు జడ్జి పదవికి వెళ్లినప్పుడు ఆ కాగితాల పని చాంబర్లో నా చేతుల మీదుగానే జరిగింది. ఆ అనుభవంతో చెబుతున్నాను. ఆయనెవరో, ఏ హైకోర్టో మాత్రం అడక్కండి.

ముందుగా, నోటిఫికేషన్ రాదు. కింది కోర్టుల జడ్జి పోస్టులకు పరీక్ష, ఇంటర్వ్యూ ఉంటాయి గానీ హైకోర్టుకు దరఖాస్తే లేదు. మనం అడగకూడదు, వాళ్లు పిలిచి అడగాలి. రాజ్యాంగంలోని 217వ అధికరణం కోరేది కొంచెమే: భారత పౌరుడై ఉండి, పదేళ్లు హైకోర్టులో న్యాయవాదిగా గానీ, న్యాయాధికారి పదవిలో గానీ పనిచేసి ఉండాలి. అందులో రాయనిది ఎక్కువ. వకీళ్లలోనైతే మామూలుగా 45 ఏళ్లు దాటినవాళ్లను చూస్తారు. సుమారు మూడో వంతు సీట్లు జిల్లా జడ్జీల నుంచి నింపుతారు. సామాజిక వర్గాలు, ప్రాంతాలు, మహిళలు అనే లెక్కలు బార్‌లో, అంటే వకీళ్ల మధ్య, రోజూ వినిపించేవే.

పేర్లు మొదలుపెట్టేది హైకోర్టు కొలీజియం, అంటే చీఫ్ జస్టిస్, ఆయన తర్వాతి ఇద్దరు సీనియర్ జడ్జీలు. చీఫ్ జస్టిస్ సాధారణంగా వేరే రాష్ట్రం నుంచి వస్తారు కాబట్టి ఇక్కడి బార్‌లో ఎవరు ఎలా వాదిస్తారో ఆయనకు కొత్త. ఆ ఇద్దరి మాటకు అందుకే బరువెక్కువ. సిఫార్సు ముఖ్యమంత్రికి, గవర్నర్‌కు, కేంద్ర న్యాయమంత్రికి, సుప్రీంకోర్టు చీఫ్ జస్టిస్‌కు వెళుతుంది. రాష్ట్రం ఆరు వారాల్లో అభిప్రాయం చెప్పకపోతే చెప్పాల్సింది ఏమీ లేదని అనుకోవచ్చు. ఇంటెలిజెన్స్ బ్యూరో (ఐబీ) వాళ్ల విచారణ అయ్యాక ఫైలు ఢిల్లీలో సుప్రీంకోర్టు కొలీజియం ముందుకొస్తుంది. అక్కడ కూడా ముగ్గురే: చీఫ్ జస్టిస్, మరో ఇద్దరు సీనియర్లు. ఈ హైకోర్టు గురించి తెలిసిన సుప్రీంకోర్టు జడ్జీలను వాళ్లు సంప్రదిస్తారు. వాళ్లు సరేనన్నాక కేంద్ర న్యాయశాఖ, ప్రధాని, చివరికి రాష్ట్రపతి సంతకం.

మా సీనియర్ గారిని పిలిచి సమ్మతి అడిగినప్పటి నుంచి చాంబర్ వాతావరణమే మారిపోయింది. ఆయన వాదించిన కేసుల్లో లా జర్నల్స్‌లో వచ్చిన తీర్పుల జాబితా, రానివాటి జాబితా, ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులు, తన మీద కేసులేమీ లేవన్న వివరాలు అన్నీ సిద్ధం చేశాం. ఒక పాత రిట్ తీర్పు కాపీ కోసం గుమాస్తా గారు రికార్డు రూము చుట్టూ తిరిగిన తిరుగుడు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటాం. ఐబీ వాళ్లు వచ్చారని కూడా గుమాస్తా గారి ద్వారానే తెలిసింది. ఆయన ఎవరితో తిరుగుతారు, ఏ పార్టీ మనిషి అని పక్క చాంబర్లలో అడిగి వెళ్లారట.

ఆ తర్వాత మొదలయ్యేదే అసలు టెన్షన్. బార్‌లో “ఆయన పేరు వెళ్లింది” అన్న మాట ఒక్కరోజులో పాకుతుంది. క్లయింట్లు ఫోన్ చేసి, “సార్ జడ్జి అయిపోతున్నారట కదా, మా ఫైలు ఎవరికివ్వమంటారు?” అంటారు. కొత్త కేసులు రావు. పెద్ద కేసు వస్తే తీసుకోవాలా వద్దా తెలియదు. తీసుకున్నాక నియామక వారంట్ (రాష్ట్రపతి సంతకం చేసిన ఉత్తర్వు) వస్తే క్లయింటు మధ్యలో మునుగుతాడు. ప్రభుత్వానికి వ్యతిరేకంగా గట్టిగా వాదిస్తే ఒక భయం, మెత్తగా వాదిస్తే ఇంకో నింద. సంబంధం ఖాయమైందని ఊరంతా తెలిసి, ముహూర్తం మాత్రం పెట్టని పెళ్లిలా ఉండేది మా పరిస్థితి. ఫైలు ఎక్కడుందో ఎవరూ చెప్పరు, అడిగే పద్ధతీ లేదు. చివరికి ఆయన సమ్మతి వెనక్కి తీసుకుని మళ్లీ ప్రాక్టీసులో పడ్డారు. పోయిన క్లయింట్లలో సగం మంది తిరిగి రాలేదు.

ఇది ఆయనొక్కరి కథ కాదు. కర్ణాటకలో సీనియర్ న్యాయవాది ఆదిత్య సోంధీ పేరును సుప్రీంకోర్టు కొలీజియం 2021 ఫిబ్రవరిలో సిఫార్సు చేసింది, అదే ఏడాది సెప్టెంబర్‌లో మళ్లీ పంపింది. నియామకం రాక 2022లో ఆయన తన సమ్మతిని ఉపసంహరించుకున్నారు. హైకోర్టు జడ్జి జీతం నెలకు 2.25 లక్షలు. బాగా నడిచే చాంబర్‌కు అది తక్కువే, అయినా గౌరవం కోసం ఒప్పుకునేవాళ్లున్నారు. నేను చూసినంతలో మంచి వకీళ్లు వెనకాడేది జీతానికి కాదు, ఈ నిరీక్షణకే.

నిజానికి ఖాళీ హఠాత్తుగా వచ్చేది కాదు. హైకోర్టు జడ్జి 62 ఏళ్లకు దిగిపోతారని ముందే తెలుసు. అందుకే ఆరు నెలల ముందే పేర్లు పంపాలని నియామక విధానంలో ఉంది. 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు గడువులు కూడా చెప్పింది: ఐబీ నివేదికకు 4 నుంచి 6 వారాలు, అదీ రాష్ట్రం అభిప్రాయమూ అందాక కేంద్రం ఫైలు పంపడానికి 8 నుంచి 12 వారాలు, కొలీజియం అదే పేరును ఏకగ్రీవంగా మళ్లీ పంపితే 3, 4 వారాల్లో నియామకం. కానీ గడువు దాటితే ఏమవుతుంది? ఏమీ కాదు. తప్పు ఒక్క కేంద్రానిదే అని కూడా అనలేను. కొన్నిసార్లు హైకోర్టు నుంచే పేర్లు ఆలస్యంగా కదులుతాయి, ఆ ముగ్గురికీ ఏకాభిప్రాయం కుదరక. కొలీజియం స్థానంలో తెచ్చిన జాతీయ న్యాయ నియామకాల కమిషన్‌ను 2015లో సుప్రీంకోర్టు 4-1తో కొట్టేసినప్పుడు, అసమ్మతి తెలిపిన ఆ ఒక్కరు మన కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ చలమేశ్వర్. కొలీజియం పనితీరులోని గోప్యతను విమర్శిస్తూ ఆయన అన్నవి మా చాంబర్లో గడిచిన ఆ రోజుల్లో చాలాసార్లు గుర్తొచ్చాయి.

మంజూరైన సీట్లు పెంచితే సరిపోతుందా అని కూడా అడిగారు. తెలంగాణ హైకోర్టుకు 2021లో 24 నుంచి 42కు పెంచారు, ఆంధ్రప్రదేశ్‌కు 37 ఉన్నాయి. సీట్లు కాగితం మీద పెరిగినా, ఒక్కో సీటుకూ పైన చెప్పిన దారంతా నడవాల్సిందే.

ఇక మీ నాన్నగారి కేసు. ఆ సీటు నిండేదాకా ఆగక్కర్లేదు. జడ్జి రిటైరైతే కేసు రోస్టర్ (ఏ జడ్జి ఏ కేసులు వినాలో చెప్పే పట్టిక) ప్రకారం వేరే బెంచ్‌కు పోతుంది. సగం విన్నదైనా, తీర్పు రిజర్వ్ చేసి చెప్పకుండానే వెళ్లిపోయినా, వాదనలు మళ్లీ మొదటి నుంచే. మీ వకీలు గారితో త్వరగా వినాలని పిటిషన్ వేయించి, బెంచ్ ముందు మెన్షన్ చేయించండి, అంటే నోటిమాటగా ప్రస్తావించి అడిగించండి. నాన్నగారి వయసు, ఆరోగ్యం కాగితాలతో సహా చూపిస్తే పరిగణించే అవకాశం ఎక్కువ. పాత రాతపూర్వక వాదనలు ఉంటే కొత్త బెంచ్‌కు తగ్గట్టు కుదించి సిద్ధంగా పెట్టుకోండి. కాజ్ లిస్ట్ (ఏ రోజు ఏ కేసులు విచారణకు వస్తాయో చెప్పే జాబితా) రోజూ సాయంత్రం మీరే ఫోన్‌లో చూసుకోవచ్చు, గుమాస్తా కబురు కోసం ఆగకండి.